ఊరి పేరు వచ్చిందా?

మా అత్తమ్మ మీద నాకు చాలాకాలం కుళ్ళు ఉండేది. నగలకో పెత్తనానికో కాదు. టీవీలో ఆమె గొంతు వచ్చేది, నా గొంతు వచ్చేది కాదు. అదీ సంగతి.

మాది గోపన్‌పల్లి. ఇప్పుడు ఎవరికైనా ఆ మాట చెబితే "ఏ టవర్స్?" అని అడుగుతారు. టవర్స్ కాదు, ఊరే. పాత ఊరి సందులో గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళలో ఒకటి మాది. పొలం చాలా భాగం మా మామ కాలంలోనే పోయింది. మిగిలింది ఇంటి వెనక కొన్ని మళ్ళు. వాటిలో అత్తమ్మ ఆకుకూరలు వేస్తుంది. పాలకూర, మెంతికూర, పుంటికూర, కొత్తిమీర. పొద్దున్నే కట్టలు కట్టి నా స్కూటీకి రెండు వైపులా సంచులు తగిలిస్తుంది. నేను గచ్చిబౌలిలో ఒక ఆఫీసు క్యాంపస్‌లో పనిచేస్తాను. ఎవరి కుర్చీ విరిగినా, ఏ ఏసీ కారినా ఫోన్ నాకే వస్తుంది. పోయే దారిలో, మా ఇంటి వెనకే లేచిన గేటెడ్ కమ్యూనిటీలో కూర దింపి పోతాను.

ఇక ఆ ఛానల్ గురించి చెప్పాలి. అది రైతుల కోసమే పుట్టిన ఛానల్. పొద్దున మార్కెట్ ధరలు, మధ్యాహ్నం పశువుల రోగాలు, సాయంత్రం ఫోన్ ఇన్. సినిమా పాట ఉండదు, సీరియల్ ఉండదు. బర్రె ఈనడం అరగంట చూపించేవాళ్ళు. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి "అమ్మా, జర వార్తలు పెట్టరాదే" అని బతిమిలాడితే, "బర్రె ఈనంగ మార్చొద్దురా, పాపం తగుల్తది" అనేది అత్తమ్మ. ఆయన నోరు మూసుకుని ఆ బర్రె కష్టం తీరేదాకా చూసేవాడు.

ఫోన్ ఇన్ నడిపే యాంకరమ్మ కోస్తా వైపు మనిషి. మెత్తని మాట, నేత చీర. పక్కన రిటైరైన వ్యవసాయ శాస్త్రవేత్త ఒక పెద్దాయన కూర్చునేవాడు. ఎవరు ఫోన్ చేసినా ఆమె ముందు ఊరి పేరు చెప్పేది, తర్వాతే మనిషి పేరు. అదొక పద్ధతి పెట్టుకుంది. ఎంత చిన్న ఊరైనా సరే, నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నట్టు తీరిగ్గా పలికేది. సగం మంది రైతులు ఆ ఒక్క మాట కోసమే ఫోన్ చేసేవాళ్ళని నా అనుమానం.

మా అత్తమ్మ మాత్రం కచ్చితంగా అందుకే చేసేది. ఆమె బాధ నాకు తెలుసు. మా ఇంటికి ఒక పార్సెల్ రావాలన్నా పక్క కమ్యూనిటీ పేరు చెప్పి, దాని వెనక గేటు, ఆ గేటు ఎదురు సందు అని చెప్పుకోవాలి. పుట్టిల్లూ అత్తిల్లూ రెండూ ఆ ఊళ్ళోనే అయిన మనిషి, తన ఊరికి ఇంకొకరి గేటు గుర్తు చెప్పుకోవాల్సి రావడం ఆమెకు మింగుడు పడలేదు. గోపన్‌పల్లిని ఊరని పిలిచేది ఆ టీవీ ఒక్కటే.

ఫోన్ చేసేవాళ్ళు టీవీ పక్కన నిలబడి మాట్లాడితే గొంతు రెండుసార్లు మోగి గోలగోల అవుతుంది. "అమ్మా, టీవీ సౌండ్ తగ్గించండమ్మా" అని యాంకరమ్మ రోజూ ఎంతమందికి చెప్పేదో. అత్తమ్మకు తగ్గించడం ఇష్టం లేదు. తగ్గిస్తే తన మాట ఎట్లా వచ్చిందో ఎవరు వినాలి? అందుకని మా ఇంట్లో ఒక ఏర్పాటు జరిగింది. ఆమె ఫోన్ పట్టుకుని వెనక మళ్ళలోకి పోయి మాట్లాడుతుంది. నేను ముందు గదిలో తలుపేసుకుని టీవీ ముందు కూర్చుంటాను. మాట్లాడే పని ఆమెది, విని చెప్పే పని నాది. పెళ్ళయి వచ్చిన కొత్తలో దొరికిన ఉద్యోగం అది. జీతం లేదు, ప్రమోషన్ అసలే లేదు.

మాట టీవీలోకి కొంచెం ఆలస్యంగా వస్తుంది. ఆమె అక్కడ "ఉంటనమ్మా, నమస్తే" అని ఫోన్ పెట్టేసి, కొంగుకు చేతులు తుడుచుకుంటూ ఉరికి వచ్చేసరికి, ఇక్కడ టీవీలో ఆమె ఇంకా "ఉంటనమ్మా" అంటూ ఉండేది. ఆ తోక ముక్క కోసమే ఆ పరుగు. తన నమస్తే తాను విని, ఊపిరి పీల్చుకుని, అప్పుడు నావైపు తిరిగేది.

"ఊరి పేరు వచ్చిందా?"

ఎప్పుడూ మొదటి మాట అదే. పెద్దాయన చెప్పిన మందు గురించి కాదు, ఆకు తినే పురుగు గురించి కాదు.

"వచ్చింది."

"మంచిగ వచ్చిందా?"

"మంచిగనే వచ్చింది."

అంతకుమించి నా నోటి నుంచి ఒక్క మాట ఎక్కువ వచ్చేది కాదు. రావాలని లేదు కూడా. నేను డిగ్రీ చదివాను. నలుగురిలో మాట్లాడగలను. అయినా ఆ సాయంత్రాలు "గోపన్‌పల్లి అమ్మా! బాగున్నారా? మొన్న చెప్పిన మెంతికూర ఎలా ఉందమ్మా?" అని యాంకరమ్మ పలకరించేది ఎవరిని? కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, "ఏం జెప్పాలె తల్లీ" అని దండకం మొదలుపెట్టే మా అత్తమ్మని. ఊళ్ళకు ఊళ్ళు వింటుండగా. నా పెళ్ళిలో కూడా నన్ను ఎవరూ అంత ముద్దుగా పిలవలేదు.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "అత్తమ్మా, ఈసారి నేను మాట్లాడుతా."

ఆమె నన్ను కింది నుంచి పైకి చూసింది. "నువ్వేం అడుగుతవే? నీకు కలుపేదో కూరేదో ఎర్కనా?"

"మీరు చెప్పుండ్రి, నేను అడుగుతా."

"మంచిదే. నువ్వు మాట్లాడితే, ఎవరు వింటరు మరి?"

వినడానికి ఇంట్లో ఇంకెవరున్నారు? మా ఆయన టీవీ ముందు కూర్చుంటే నిద్రపోతాడు. మళ్ళీ వెళ్ళి నా చోట నేను కూర్చున్నాను.

ఛానల్ ఒక్కరోజులో మారలేదు. మారుతున్నప్పుడు మాకు తెలియనూ లేదు. తెర కింద టమాట, మిర్చి ధరలు నడిచే చోట ప్లాట్ల ధరలు నడవడం మొదలైంది. పశువుల కార్యక్రమం తెల్లవారుజాముకు జరిగి, తర్వాత మాయమైంది. దాని చోట ఒక జ్యోతిష్యుడు వచ్చి కూర్చున్నాడు. యాంకరమ్మ వెనక ఉండే వరిచేను బొమ్మ పోయి, అద్దాల బాల్కనీ, వేలాడే కుండీలు వచ్చాయి. నేత చీర పోయింది. శాస్త్రవేత్త పెద్దాయన ఎటు పోయాడో, ఆయన కుర్చీలో గడ్డం పెంచుకున్న ఒక గార్డెన్ కోచ్ వచ్చాడు. ఆయన ఎరువును ప్లాంట్ ఫుడ్ అంటాడు. "గిదేం అన్నమే, మొక్కలకు గూడ ప్లేటు పెడ్తరా?" అని అత్తమ్మ నవ్వింది. అప్పటికి ఇంకా నవ్వు వచ్చేది.

ఎందుకు మారారో తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. రైతు ఏం కొంటాడు? విత్తనం, మందు, మహా అయితే ఒక మోటారు. ఫ్లాట్ల వాళ్ళు కారు కొంటారు, సోఫా కొంటారు, నీళ్ళ మిషన్ కొంటారు, మట్టి కూడా కొంటారు. సంచిలో పోసి అమ్మితే మట్టి కొనే మనుషులు దొరికాక, మట్టిలో బతికే మనుషులతో ఏం పని? అయినా ఆ ఛానల్‌ను ఇంటింటికీ తెచ్చింది ఎవరు? కేబులాయనతో కొట్లాడి దాన్ని పెట్టించుకున్నది మా అత్తమ్మలాంటి వాళ్ళే. ఏరు దాటి తెప్ప తగలేశారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మాకు అవసరం పడింది. ఇంటి వెనక కమ్యూనిటీలో ఇంకొక టవర్ లేచింది. మధ్యాహ్నం దాటితే చాలు, దాని నీడ మా మళ్ళ మీద పడుతుంది. పాలకూర సన్నగా సాగిపోతోంది. మెంతికూర పసుపు తిరుగుతోంది. అత్తమ్మ ఎన్నడూ నీడలో కూర పెంచలేదు. ఆమెకు అది కొత్త. మళ్ళు పోతే ఆమె పొద్దు ఎట్లా పోతుందో నేను ఊహించలేను. "ఇగ ఫోన్ చెయ్యాల్సిందే" అని ఆ సాయంత్రం ఫోన్ తీసుకుని వెనక్కి పోయింది. నేను నా అలవాటు ప్రకారం తలుపేసి టీవీ ముందు కూర్చున్నాను.

టీవీలో ఏదో హైట్స్ నుంచి ఒకామె, ఏదో మెడోస్ నుంచి ఒకామె మాట్లాడారు. అత్తమ్మ గొంతు రాలేదు. తలుపు మెల్లగా తెరుచుకుంది. ఈసారి పరుగు లేదు.

"ఏమైంది అత్తమ్మా?"

"ఎవరో పిల్ల ఎత్తింది. ఏ కమ్యూనిటీ అన్నది. గోపన్‌పల్లి అన్న. అది లొకేషన్ అమ్మా, కమ్యూనిటీ పేరు చెప్పండి అన్నది." ఫోన్‌ను కొంగుతో తుడిచి అరలో పెట్టింది. "పొలం ముచ్చట్లు ఇప్పుడు తీసుకుంటలేరంట. బాల్కనీలయే తీసుకుంటరంట."

న్యాయంగా అయితే నేను సంతోషించాలి. నా పోటీదారు ఓడిపోయింది. కానీ నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె మీద కుళ్ళుకునే హక్కు నాది. ఇన్నేళ్ళు కూర్చుని, విని, పళ్ళు కొరికి సంపాదించుకున్న హక్కు. ఆమెను కాదనడానికి ఆ పిల్లెవరు?

ఆ రోజు నుంచి నా కుళ్ళు ఇల్లు మారింది. అత్తమ్మను వదిలి ఫ్లాట్లెక్కింది. రోజూ సాయంత్రం కూర్చుని, ఫోన్ చేసిన ప్రతి మేడమ్‌నీ తిట్టుకునేదాన్ని. ఒకామె తులసి డల్‌గా ఉందట. ఇంకొకామె టూర్ వెళ్తే కుండీలకు నీళ్ళు ఎవరు పోయాలట. యాంకరమ్మ ప్రతి ఒక్కరినీ మా అత్తమ్మను పలకరించిన గొంతుతోనే పలకరించేది. అదే బెల్లం. ఊరి పేరు చోట కమ్యూనిటీ పేరు.

"బంద్ చేద్దాం అత్తమ్మా ఈ ఛానల్," అన్నాను ఒకరోజు.

"ఎందుకే? ఉండనీ. మళ్ళ మారుతరేమో."

ఆమెకు ఇంకా ఆశ ఉంది. నాకు అది కూడా కోపమే తెప్పించింది.

ఒక శనివారం మధ్యాహ్నం, నేను కూర ఇచ్చే ఫ్లాట్లలో ఒక మేడమ్ ఫోన్ చేసింది. కూర చాలా కావాలండి, వేళ్ళతో సహా కావాలి, పైకి తెచ్చిస్తారా అని. మంచి మనిషే, ఎప్పుడూ చిల్లర మాట మాట్లాడదు. సెలవు రోజే కదా అని, నీడ అంతగా తగలని మూల మడిలోది పీకి, మూడు సంచులు మోసుకుని సర్వీస్ లిఫ్ట్‌లో వెళ్ళాను. బాల్కనీలో కెమెరా ఉంది, లైట్లు ఉన్నాయి. రంగు రంగుల తొట్ల మధ్య మా యాంకరమ్మ నిలబడి ఉంది. టీవీలో కంటే పొట్టిగా ఉంది.

ఎంత తిట్టుకున్నా ఆమె మా ఇంటి మనిషిలాగే అనిపించింది. దగ్గరికి పోయి, "మేము గోపన్‌పల్లి అమ్మ వాళ్ళమండి. నేను కోడలిని. మెంతికూర ఆమె..." అన్నాను.

"ఓ, సో స్వీట్ అండి," అంది నవ్వుతూ. ఆమె కళ్ళలో ఏ ఊరూ లేదు. "కొంచెం పక్కకి జరుగుతారా? ఫ్రేమ్‌లో పడుతున్నారు."

జరిగాను. జరిగి, బాల్కనీ అంచుకు ఆనుకుని కిందికి చూశాను. మా ఇల్లు కనిపించింది. ఆరేసిన బట్టలు, నీళ్ళ డ్రమ్ము, వెనక మళ్ళు. నేను నిలబడ్డ టవర్ నీడ సరిగ్గా వాటి మీదే పరుచుకుని ఉంది. అత్తమ్మ ఆ నీడలో వంగి కలుపు తీస్తోంది.

వెనక్కి తిరిగేసరికి మా పాలకూర కట్టలు విప్పి, ఒక్కొక్క మొక్కనీ తొట్లలో గుచ్చుతున్నారు. పక్కన మా మెంతికూర, ఆ పక్కన మా కొత్తిమీర. మేడమ్ తొట్లలో సొంతంగా మొలిచినవి బక్కచిక్కి ఉన్నాయట, టీవీలో బాగుండవట. "మీ కూర భలే ఫ్రెష్‌గా ఉంటుందండి," అంది మేడమ్ నాతో, మనస్ఫూర్తిగానే. సొమ్మొకడిది సోకొకడిది అంటారు. నేను ఖాళీ సంచులు మడత పెట్టుకుని అదే లిఫ్ట్‌లో దిగి వచ్చాను.

కొన్నాళ్ళకు అది టీవీలో వచ్చింది. "ఇవన్నీ మేడమ్ తన చేతులతో పెంచినవండి," అంటోంది యాంకరమ్మ. అత్తమ్మ ముక్కు మీద వేలేసుకుని, "మంచిగ పెంచిందమ్మా, ఆకు జూడు ఎట్లున్నదో," అంది. పొరుగింటి పుల్లకూర రుచి అంటే ఇదే. నేను తట్టుకోలేక జరిగిందంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. ఆమె పడీ పడీ నవ్వింది. "పోనీ తియ్యే. మన కూరన్న ఎక్కింది గద టీవీల."

నాకు నవ్వు రాలేదు. కూర ఎక్కింది, మనం ఎక్కలేదు. అత్తమ్మ ఫోన్‌ను వద్దన్నవాళ్ళకు ఆమె కూర మాత్రం కావాలి. నాకు ఆ మేడమ్ బాల్కనీ అక్కర్లేదు, సోఫా అక్కర్లేదు. యాంకరమ్మ ఆమెను పిలిచిన పిలుపు కావాలి. అది మాది. మాదాన్ని ఎత్తుకెళ్ళి ఇంకొకరికి ఇచ్చారు. ఎంత సర్దిచెప్పుకున్నా నాకు ఇట్లాగే తోచింది.

మళ్ళలో కూర పాడవుతూనే ఉంది. అత్తమ్మ ఒక మడి మొత్తం పీకి పారేసింది. ఆ సాయంత్రం ఆమె టీవీ ముందు కాళ్ళు చాపుకుని, మిగిలిన కూర కట్టలు కడుతోంది. ఫోన్ ఇన్ నడుస్తోంది. నేను ఆరిన బట్టలు తెస్తానని డాబా ఎక్కాను. ఎక్కి, బట్టలు తీయకుండా ఆ నంబర్‌కు చేశాను. ఎన్నేళ్ళుగా తెర మీద చూసిన నంబర్, వేళ్ళకు దానంతటదే వచ్చింది.

"మేడమ్, ఏ కమ్యూనిటీ అండి?"

నా ఎదురుగా టవర్ ఉంది. దాని నెత్తిన పెద్ద అక్షరాలతో పేరు వెలుగుతోంది. నేను ఆ పేరు చదివాను.

"ఏ ఫ్లోర్ మేడమ్?"

"సెకండ్. వెస్ట్ ఫేసింగ్ అండి." నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఆఫీసులో పెద్దవాళ్ళతో మాట్లాడే గొంతు అది.

"టీవీ మ్యూట్ చేశారా?"

"టీవీ దగ్గర లేనండి."

కాసేపు సంగీతం. ఆ తర్వాత ఆ గొంతు, నా చెవిలో, నాకోసం. "నమస్తే మేడమ్! చాలా సంతోషం అండి, చెప్పండి." చెప్పాను. మధ్యాహ్నం దాటితే ఎదురు టవర్ నీడ పడుతుందండి, పాలకూర సాగిపోతోంది, మెంతికూర పసుపు తిరుగుతోంది, ఏం వేసుకోమంటారు అని అత్తమ్మ అడగాలనుకున్నదంతా అడిగాను. గడ్డం కోచ్ ఓపిగ్గా చెప్పాడు. పొద్దుటి ఎండ ఉంటే చాలట. మెంతికూర తగ్గించి పుదీనా వేసుకోవాలట. పాలకూర పలచగా చల్లాలట. నీడలో తడి ఆరదు కాబట్టి నీళ్ళు తగ్గించాలట, పసుపు అందుకేనట. "ఇంత బిజీ లైఫ్‌లో కూడా మీలాంటివాళ్ళు మొక్కలు పెంచుతున్నారంటే గ్రేట్ మేడమ్," అంది యాంకరమ్మ.

నాకు ఎంత బాగుందో చెప్పలేను. ఒళ్ళంతా తేలిపోయింది. "థాంక్యూ సో మచ్ అండి," అని ఫోన్ పెట్టేసి, ఏం చేస్తున్నానో తెలియకుండానే మెట్లు దిగి పరుగెత్తాను, తోక ముక్క అందుకోవడానికి. సగం మెట్ల దగ్గర కాళ్ళు వాటంతటవే నెమ్మదించాయి. యాంకరమ్మ అంత ముద్దుగా మాట్లాడింది ఎవరితో? రెండో అంతస్తులో ఉండే ఒక మేడమ్‌తో. ఆ మేడమ్ మీద నాకు కుళ్ళు పుట్టింది. ఇన్నాళ్ళూ ఫ్లాట్ల వాళ్ళందరి మీద పుట్టినట్టే.

గదిలోకి అడుగు పెట్టేసరికి టీవీలో నా గొంతు "థాంక్యూ సో మచ్ అండి" అంటోంది. అత్తమ్మ తల తిప్పలేదు. రిమోట్ తీసుకుని సౌండ్ తగ్గించింది. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. అడగాల్సిన వంతు నాదే.

"మంచిగనే వచ్చింది నీ గొంతు," అంది, కట్టకు దారం చుడుతూ. "గడ్డపాయన చెప్పింది గూడ నిజమే. నీళ్ళు ఎక్కువైనట్టున్నయి. రేపు మెంతి మడిల పుదీన పెడ్దాం."

దారం తెంపి, కట్టను పక్కన పెట్టి, ఇంకొక కట్ట చేతిలోకి తీసుకుంది.

"ఊరి పేరే రాలే."